మా వాటాకు వచ్చిన మెట్లు

దొరసాని మీద నాకు పగ పుట్టినప్పుడు పదకొండేండ్లు. అది తీరేటాలకు ఇరవై ఆరు. నడుమల నేను చదువుకున్న, పంతులమ్మ కొలువు చేసిన, బాపును మట్టిల కలిపిన. గని ఒక్కనాడు కూడ ఆమెను మరువలే. ఇసొంటి సంగతి చెప్పుకుంటానికి సిగ్గుపడాలని కొందరంటరు. నాకు అప్పుడు సిగ్గు కాలే, ఇప్పుడు గూడ అయితలేదు.

మేముండేది కరీంనగర్‌ల, కమాన్ దాటినంక లోపలికి పోయే ఒక గల్లీల, దొరల దేవిడిల. ఊర్లల్ల భూములున్న దొరలు కచేరి పనులకు వచ్చినప్పుడు దిగుతానికి తాతల కాలంల కట్టించుకున్న రెండంతస్తుల ఇల్లు. డంగు సున్నం గోడలు రెండు మూరల మందం. ఏనుగు పట్టేటంత దర్వాజ. నడుమ బండలు పరిచిన పెద్ద వాకిలి, చుట్టూ అర్రలు. పోలీసు చర్య అయినంక దొర హైదరాబాదుకు పోయి అక్కడ్నే సచ్చిపోయిండు. భూములు ఆయన తమ్ముని చేతులకు పోయినయ్. దొరసానికి పిల్లలు లేరు. ఆమెకు మిగిలింది దేవిడి ఒక్కటే. మేడమీది మూడర్రలు తను ఉంచుకొని, కింద ఇల్లంత పోర్షన్లు చేసి కిరాయికిచ్చింది.

గుర్రాల కొట్టం ఒక పోర్షనయింది. వంటిల్లుకు అడ్డంగ ఇటుక గోడ పెడితె రెండు పోర్షన్లయినయ్. దొర కూసొని పంచాయితీలు చెప్పిన చావడిల ఒక బస్సు కండక్టరు కుటుంబం దిగింది. పెద్ద దీపాలు వేలాడదీసిన కొక్కేనికి వాళ్లు పిల్లకు తొట్టెల కట్టిన్రు. వాకిలికి అవుతల మా ఎదురుంగ గాజులమ్మే సాయిబు, ఆయన భార్య. ఆమెను మేము ఖాలా అని పిలిచేటోళ్లం.

మాది ఎడమ దిక్కు రెండర్రలు, వాటిని ఆనుకొని ఒక నడవ. మేడమీదికి పోయే మెట్లు ఆ నడవలనే ఉండె. పనోళ్లు ఎక్కి దిగే మెట్లు వెనుక దిక్కు ఇంకోటి ఉండె గని, ఒక వానకాలం అది కూలింది. మళ్ల కట్టించలే. అప్పటి నుంచి దొరసాని ఎక్కాలన్నా దిగాలన్నా మా నడవలకెల్లే. మేము అన్నం ముందర కూసున్నా, అవ్వ తల దువ్వుకుంటున్నా, తలుపు తోసుకొని వచ్చి మమ్ముల దాటి పోయేది. పిలిచేది లేదు, తలుపు కొట్టేది లేదు. ఆమె ఇల్లు ఆమె నడుస్తుంది అనుకొని మేము కాళ్లు ముడుచుకొని ఒదిగేటోళ్లం.

బాపు వెండి తీగ పని చేసేటోడు. ఎలగందులల నేర్చిన పని. వెండిని కంతల పలకలకెల్లి గుంజి గుంజి వెంట్రుక తీరు చేసి, రెండు తీగలు పెనేసి, వాటితోని ఆకులు, పువ్వులు, నెమళ్లు అల్లి అత్తరుదానులు, పన్నీరు బుడ్లు చేసేటోడు. ఆ పనికి ఎండ సూటిగ పడొద్దు, వెండి మెరిసి కండ్లు చెదురుతయ్. దీపం వెలుగు సాలదు. ఉత్తరం దిక్కు నుంచి వచ్చే నిమ్మళమైన వెలుతురు కావాలె. మా ముందటర్రకు ఉత్తరం దిక్కు మనిషెత్తు కిటికి ఉండె. బాపు ఆ పోర్షను తీసుకున్నదే దాన్ని చూసి. పొద్దు పొడిచిన కాడికెల్లి పొద్దు మూకేదాక దాని కింద పీటేసుకొని కూసునేటోడు. మాపటికి ఆయన మీసాల మీద వెండి రజను మెరిసేది. అవ్వ కొంగుతోని తుడుస్తుంటె నవ్వేటోడు.

ఒకనాడు పొద్దుగాల కిటికి అవుతల ఒక మేస్త్రి తాడు పట్టి కొలుస్తుండు. ఏందని బాపు అడిగిండు. కిటికి బయట ఉన్న ఖాళీ జాగల దొరసాని కొట్టు కట్టిస్తుందట. బజార్ల కిరాణం షావుకారి బస్తాలు పెట్టుకుంటానికి అడిగిండట. గోడ మా కిటికికి జానెడు దూరంల వస్తదన్నడు మేస్త్రి.

బాపు నెత్తి రుమాలు తీసి చేతుల పట్టుకొని మేడమీదికి పోయిండు. నేను ఎనుకబడి పోయిన.

"నీ బాంచెన్ దొరసానీ," అన్నడు బాపు. "గా గోడ జర రెండు గజాలు అవుతలికి జరుపుమని చెప్పు. కిటికి మూసుకపోతె నాకు కండ్లు లేనట్టే."

ఆమె తమలపాకుకు సున్నం రాస్తున్నది. తల ఎత్తలే.

"కిరాయి దేనికిస్తున్నవు?"

"ఇంటికి, దొరసానీ."

"ఇల్లు గుంజుకున్ననా?"

"లేదు."

"మరింకేంది. వెలుతురు గూడ ఇస్తనని కాయిదంల రాసిచ్చిన్ననా?"

బాపు రుమాలును రెండు చేతులతోని పిండుకుంట నిలవడ్డడు.

"సాలకపోతె ఇంకో ఇల్లు చూసుకో," అన్నది దొరసాని. ఆకు మడిచి నోట్లేసుకున్నది.

ఇంకో ఇల్లు చూసుకోలేదా అని తర్వాత మస్తు మంది నన్ను అడిగిన్రు. చూసినం. ఇంట్ల నిప్పుల కుంపటి పెట్టి పొద్దంత ఊదేటోనికి ఇల్లిచ్చెటోళ్లు దొరకలే. దొరికిన ఒకటి రెండు కొంపలకు కిటికీలే లేవు. అంతల్నే నవాబుల కొనుగోళ్లు ఆగిపోయినయ్, పని సగమయింది. బాపు దేవిడిల్నే ఉండిపోయిండు. పీట తెచ్చి తలుపు కాడ వేసుకున్నడు. అక్కడ ఎండ పడుతది. లోపటికి జరిగి కందిలి దీపం పెట్టుకున్నడు. పట్టపగలు కందిలి ముందర వంగి, తీగ కొసను ముక్కుకు ఆనేటట్టు పట్టుకొని అతికేటోడు. మూడేండ్లు గట్ల చేసిండు. కండ్లెంట నీళ్లు కారుతుంటె భుజానికి తుడుచుకునేటోడు. ఆఖరుకు హైదరాబాదు దుకాణపోళ్లు ఒక పళ్లెం వాపసు పంపిన్రు, తీగ ఎగుడు దిగుడుగ ఉన్నదని. బాపు ఆ పళ్లాన్ని వేళ్లతోని తడిమి తడిమి చూసి, "నిజమే," అన్నడు. ఆ వారంల్నే బియ్యం మిల్లుల సంచులు కుట్టే పనికి పోయిండు. దబ్బనం, సుతిలి. వెంట్రుక అంత తీగను పెనేసిన చేతులు గోనె సంచులు కుట్టినయ్.

దొరసాని రోజు ఆ నడవలకెల్లి పోతనే ఉన్నది. ఆమె వస్తె బాపు లేచి నిలవడేటోడు. కండ్లు మొత్తం మసకలయినంక గూడ లేచేటోడు, కాలి చప్పుడు విని. ఒకనాడు నేను ఇంట్ల ఉన్న. ఆమె మెట్లు దిగి వచ్చింది. బాపు గబగబ లేచి, చేతులు జోడించి, గోడకు దండం పెట్టిండు. చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆయనకు తెల్వలే. దొరసాని ఆయన ఎనుకకెల్లి నడిచి బయటికి పోయింది. నవ్వినా, తిట్టినా నాకు గంత కాకపోవు. ఆమె చూడనే లేదు. ఆమె పోయినంక గూడ బాపు కొంచెం సేపు గోడ దిక్కే నిలవడ్డడు. నేను పోయి చెయ్యి పట్టి కూసోబెట్టిన. పోయిందని చెప్పిన.

ఆనాడే అనుకున్న, ఈమెను నేను ఊకనే ఇడిసిపెట్టనని.

బాపు పోయినప్పుడు నాకు ఇరవై రెండు. అప్పటికే నేను ఆడపిల్లల బడిల పంతులమ్మను. మూడేండ్లు దాటినంక దేవిడి అమ్మకానికి వచ్చింది. కిరాయిలు దొరసాని ఖర్చులకు సరిపోతలేవట, మీది కప్పు కురుస్తుందట. అంత పెద్ద ఇల్లు ఒక్కడు కొనేటోడు లేకపాయె. పోర్షన్ల లెక్కనే అమ్ముమని వకీలు సలహా ఇచ్చిండు. ఒక మనిషి వచ్చి తలుపుల మీద ఎర్ర రంగుతోని అంకెలు వేసిండు. కొననీకి వచ్చినోళ్లు మేము ఇంట్ల ఉండంగనే తిరిగి చూసేటోళ్లు, గోడలు కొట్టి చూసేటోళ్లు. చావడి కండక్టరే కొన్నడు. కొట్టు షావుకారి కొన్నడు, గోడతోని సహా. మా అర్రల తల పెట్టినోళ్లు మాత్రం, "పగలే దీపం పెట్టాలె గద," అని ఎనుకకు మళ్లిన్రు.

ఒక ఆదివారం దొరసాని నన్ను మీదికి పిలిపించింది.

"పంతులమ్మా, మీరే తీసుకోరాదు," అన్నది. అంతకు ముందు నన్ను పిల్లా అనేది. "ఇన్నేండ్ల నుంచి ఉన్నోళ్లాయె."

"చీకటి ఇల్లు గద దొరసానమ్మా," అన్న.

"అందుకే గద అగ్గువకు ఇస్తనంటున్న."

ఆ చీకటి ఎక్కడికెల్లి వచ్చిందో ఆమెకు ఎరుక లేనట్టే మాట్లాడింది. నేను సరేనన్న. అవ్వ కడియాలు, బాపు పనిముట్లు అమ్మి, నేను కూడబెట్టింది కలిపినం.

రిజిస్ట్రీ కచేరి ముందర పెట్టె ముందరేసుకొని కూసునే దస్తావేజులాయన కాడ కాయిదం రాయించినం. దొరసాని రిక్షాల్నే కూసొని చెప్తున్నది.

"రెండర్రలు, ముందటి అరుగు, నడవ, నడవల మెట్లు, మెట్ల కింది కొట్టు, అన్ని రాయి. తక్కువ ఇచ్చి ఎక్కువ తీసుకున్నదన్న మాట నాకొద్దు."

ఆయన కలం ఆపిండు. "మెట్లు గూడనా అమ్మా?"

"నడవ ఇచ్చినంక మెట్లు ఎటు పోతయ్? రాయమంటున్న గద."

ఆయన నా దిక్కు చూసిండు. నేను సిరాబుడ్డి దిక్కు చూసిన. మీదికి పోతానికి తనకు దారి ఉంచుకున్నట్టు ఒక్క ముక్క రాస్తె సరిపోయేది. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన ఇంకోసారి అడుగుతడేమోనని అనుకున్న. అడగలే. కాయిదం గట్టిగ చదివి వినిపించిండు. ఆమె రిక్షావానితోని ఎండ సంగతి మాట్లాడుకుంట విన్నది, సంతకం పెట్టింది.

కాయిదం చేతికొచ్చిన దినమే వడ్లాయనను పిలిచి నడవ తలుపుకు లోపట గట్టి గొళ్లెం పెట్టించిన.

మరుసటి పొద్దు దొరసాని గుడికి పోయింది. ఆమె పోంగనే తలుపేసిన. పది గొట్టంగ వచ్చింది. తలుపు తోసింది, రాలే. మళ్ల తోసింది. ఆఖరుకు కొట్టింది. ఇన్నేండ్లల్ల ఆ తలుపును ఆమె కొట్టుడు నేను వినుడు అదే మొదలు.

తలుపు తీసి గడపల నిలవడ్డ.

"పగలు తలుపేసుకున్నవేంది? జరుగు," అన్నది.

"ఇటు దారి లేదు దొరసానమ్మా. మెట్లు మాయి."

"మీయి అయితె అయినయ్. నేను మీదికి ఎట్ల పోవాలె?"

"దారి ఇస్తనని కాయిదంల రాసిచ్చిన్ననా?"

ఆ మాటను నేను పద్నాలుగేండ్లు నోట్ల దాచుకున్న. బడికి పోయే తొవ్వల, పరీక్షలు రాసేటప్పుడు, బాపు పాడె లేసేటప్పుడు గూడ మనసుల అనుకున్న మాట. అది వింటె ఆమె ముఖం మాడుతదనుకున్న. ఆమె నన్ను వింతగ చూసింది, అంతే.

"ఏం మాటలివి?"

"మీయే. కిటికి సంగతి అడుగుతానికి మా బాపు వచ్చినప్పుడు మీరన్నయే."

ఆమె కండ్లు చికిలించి యాది చేసుకున్నది. అబద్ధమాడుతలేదు, అది నాకు ఆమె ముఖంల కనబడ్డది.

"ఏ కిటికి?" అన్నది.

నేను తలుపేసిన. ఒక మనిషిని గుడ్డిని చేసింది యాదికి లేకపోవుడు చేసిన దానికంటె పెద్ద తప్పనిపించింది. అంతకు ముందు, ఒకపూట నిలబెట్టి తర్వాత తీద్దామని ఒక మూలకు అనుకున్న. ఆ మాటతోని అది గూడ పాయె.

ఆమె పొద్దంత వాకిట్ల బండల మీద కూసున్నది. ఖాలా చాప వేసి నీళ్లిచ్చింది. తర్వాత మా కాడికొచ్చింది.

"జానే దే బేటీ. బుడ్ఢీ హై. పోనియ్యి బిడ్డా, ముసల్ది, ఎక్కడికి పోతది?"

"కండ్లు పోయింది మీ ఇంటాయనయి కావు ఖాలా," అన్న.

ఖాలా ఎనుకకు మళ్లింది. వకీలు వచ్చి కాయిదం చదివి, కోర్టుకు పోతె దారి రావచ్చు గని ఏండ్లు పడుతదని చెప్పి పోయిండు. పొద్దు గూకే ముందు షావుకారి జీతగాళ్లు నిచ్చెన తెచ్చి మేడ వసారకు ఆనిచ్చిన్రు. ఖాలా కింద పట్టుకున్నది. దొరసాని చీర కుచ్చిళ్లు బొడ్ల దోపుకొని, ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్లు పెట్టుకుంట ఎక్కింది. కిరాయికున్నోళ్లు, కొనుక్కున్నోళ్లు, అందరు వాకిట్ల నిలవడి చూసిన్రు. నేను గూడ చూసిన. కడుపు నిండినట్టయింది. దాచి చెప్తె అబద్ధమైతది.

వారం రోజులు దాటినంక వాకిట్ల నిచ్చెన కనబడలే. ఎటు పోయిందో నేను అడగలే. ఎండకాలం ఒంటిపూట బడులు మొదలైనయ్. నేను మొదటి దినం మధ్యాహ్నమే ఇంటికొచ్చిన. మా నడవ తలుపు ముందర దొరసాని నిలవడి ఉన్నది. నేను వాకిట్ల కంబం చాటుకు ఆగిన. లోపటికెల్లి అవ్వ గొంతు వినబడ్డది.

"ఎవరు?"

"నేనే."

"నేనే అంటె?"

"దొరసానిని."

"ఏ దొరసాని?"

"మీద ఉండేదాన్ని. జర తొవ్వ ఇయ్యవే, ఎండ కొడుతుంది."

"ఆగు. బియ్యం కడుగుతున్న."

మస్తు సేపటికి గొళ్లెం తీసిన చప్పుడయింది. దొరసాని తల వంచి లోపటికి పోయింది. నేను పోయి చూస్తె అవ్వ చేతులకు తడి లేదు. పొయ్యి మీద అన్నం ఎప్పుడో వండి దించి ఉన్నది.

నాకు మండింది. "ఎన్ని దినాల నుంచి తీస్తున్నవు?"

"నిచ్చెన తీసేసిన కాడికెల్లి, నువ్వు బడికి పోయినంక."

"బాపును మరిచినవా?"

అవ్వ నన్ను కూసొమ్మన్నది. "నువ్వు తలుపేసినవ్," అన్నది. "ఆమె నిచ్చెన ఎక్కింది. పది దినాలైతె ఇంకో తొవ్వ చేసుకుంటది. నీ పగ ఒక్క దినం పగ. నేను తీస్తె, రోజుకు రెండుసార్లు నా గడప కాడ నిలవడుతది. ఎవరంటె చెప్పుకుంటది. ఆగుమంటె ఆగుతది. మీ బాపు ఎన్నిసార్లు లేచి నిలవడ్డడో అన్నిసార్లు నిలబెడుత."

"ఆగుమని చెప్పి లోపట ఏం చేస్తవు?"

"ఏం చెయ్య. తలుపు ఎనుక కూసుంట. ఆమె ఊపిరి తీసుకునుడు వింట."

మా అవ్వ అప్పటిదాక ఎవరినీ ఎదిరించి మాట్లాడింది లేదు. నాకు ఆమె ముఖం దిక్కు చూస్తానికి జర భయమయింది. తలుపు ఆమెకే ఇడిసిపెట్టిన. కోర్టు మాట దొరసాని మళ్ల ఎత్తలే. తొవ్వ దొరుకుతుంది గద అనుకున్నదేమో.

గట్ల ఒక యాడాది నడిచింది. అవ్వ ఒకనాడు బియ్యం కడిగేది, ఒకనాడు కొంగు సరిజేసుకునేది, ఒకనాడు ఎవరన్నది వినబడలే అనేది. దొరసాని మళ్ల చెప్పేది. రాను రాను ఆ గొంతు మెత్తబడ్డది. తలుపు తీసినంక మోకాళ్ల నొప్పి సంగతో, మీది అర్రలు కురుసుడు సంగతో రెండు మాటలు చెప్పి ఎక్కేది. అవ్వ ఊ అనేది.

తర్వాత మేడమీది అర్రలు గూడ అమ్ముడు పోయినయ్. కొన్న వకీలు గల్లీ దిక్కు నుంచి ఇనుప మెట్లు పెట్టించుకుంటనన్నడు. దొరసాని హైదరాబాదుల చెల్లె కాడికి పోతున్నది. పోయేనాడు సామాన్లు నిచ్చెన మీదికెల్లి దించిన్రు. ఆమె మా మెట్లు దిగి వచ్చింది. నేను ఇంట్లనే ఉన్న. ఆమె నా దిక్కు చూడలే, అవ్వ కాడ ఆగి చెయ్యి పట్టుకున్నది.

"ఈ యాడాదంత నీతోనే ఎళ్లదీసిన," అన్నది. "రోజు రెండుసార్లు పలుకరించినవు. ఇంత పెద్ద ఇంట్ల నన్ను ఎవరు పలుకరించిన్రు? బిడ్డ గట్ల చేసినా నీది మంచి మనసు."

అవ్వ ముఖంల రక్తం లేకుంట పాయె. చెయ్యి గుంజుకోను గూడ గుంజుకోలే. దొరసాని మెల్లగ వాకిలి దాటి, దర్వాజ బయట ఆగిన రిక్షా ఎక్కింది. అప్పుడు అవ్వ కదిలింది. చెప్పులు గూడ లేకుంట గల్లీలకు ఉరికి రిక్షా గూడు కడ్డీ పట్టుకున్నది. నేను ఎనుక ఉరికిన.

"నీ మీద మనసై తీయలే దొరసానీ," అన్నది అవ్వ. గొంతు పెంచలే. "నువ్వు నిలవడుడు చూస్తానికి తీసిన. బియ్యం కడుగుతున్నంటె కడగలే. ఉత్త చేతులతోని తలుపు ఎనుక కూసున్న. మా ఇంటాయన వెండి పనోడు. నువ్వు కొట్టు కట్టి ఆయన కండ్లు తీసినవ్. గుడ్డిగై గూడ నీకు లేచి దండం పెట్టిండు. నువ్వు ఏ దిక్కున్నవో తెల్వక గోడకు పెడితె, నువ్వు ఎనుకకెల్లి పోయినవ్. ఇది తెలుసుకొని పో."

రిక్షావాడు దిగి పక్కకు జరిగిండు. దొరసాని అవ్వనే చూస్తున్నది. నోరు కొంచెం తెరిచి ఉన్నది. బాపు సంగతి ఏమన్న అంటదేమోనని నేను చూసిన.

"అన్ని దినాలు గంతేనా?" అని అడిగింది.

"అన్ని దినాలు," అన్నది అవ్వ.

అప్పుడు మాడింది ఆమె ముఖం. నా మాటకు మాడలే, నిచ్చెన ఎక్కినప్పుడు మాడలే. ముసలి ముఖం ఒక్కసారి చిన్నగై, ఎటు చూడాలో తెల్వక, ఒళ్లె ఉన్న మూట దిక్కు చూసుకున్నది. రిక్షావాణ్ని పోనీయమన్నది. గల్లీ మలిగేదాక అవ్వ నడి తొవ్వల నిలవడ్డది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నది. "ఇప్పుడు నిమ్మళమయిందా?" అని అడిగిన.

"నీకు?"

"అయింది," అన్న.

రెండు గిన్నెలల్ల అన్నం పెట్టుకొని తిన్నం. మరుసటేడు నాకు లక్సెట్టిపేటకు బదిలయితె అర్రలు ఖాలా కొడుకుకు అమ్మి, అవ్వను తీసుకొని పోయిన. దొరసాని అక్కడ ఎట్లున్నది, ఎప్పుడు పోయింది, మేము ఎవరినీ అడగలే. చెప్తానికి వచ్చినోళ్లను గూడ చెప్పనియ్యలే.